బిట్‌లో ఇమడని మనిషి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. జ్ఞాపకశక్తిని ప్రయోగాలతో కొలిచిన జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. డీఎస్సీకి చదువుతూ ఒక బిట్ దగ్గర ఆగిపోయి, "అసలు ఎవరీయన?" అని వెతికానన్నావు చూడు, ఆ మాటకి చాలా సంతోషమేసింది. కానీ ఆ కుతూహలం వ్యాసంలోకి రాలేదమ్మా. 1850లో బార్మెన్‌లో పుట్టాడు, 1909లో హాలేలో పోయాడు, మధ్యలో నాలుగుసార్లు 'మహా మేధావి'. మనిషి మాత్రం కనబడలేదు.

ఆయన్ని పనిలో ఉండగా చూపించు. 1879-80 నాటి మాట. వయసు ముప్పై. సహాయకులు లేరు, పరీక్షించడానికి ఇంకో మనిషి లేడు. పాత పుస్తకాల అంగట్లో దొరికిన అనుభూతుల్ని అంకెల్లో కొలిచిన ఫెక్నర్ పుస్తకం చదివి, అనుభూతిని కొలవగలిగితే జ్ఞాపకాన్ని ఎందుకు కొలవకూడదు అనుకున్నాడు. అలాంటివి ప్రయోగానికి లొంగవని ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రానికి ఆద్యుడైన వుంట్ అంతటివాడే చెప్పిన కాలం అది.

మనకి పద్యం నోటికి ఎలా వస్తుంది? యతి, ప్రాస, అర్థం మూడూ చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. ఆయనకి ఆ ఊతం వద్దు. రెండు హల్లుల మధ్య ఒక అచ్చు పెట్టి, సుమారు 2300 అర్థంలేని ముక్కలు తయారుచేసుకున్నాడు. వాటిని కలిపేసి, చేతికొచ్చినవి వరుసగా రాసుకుని, గడియారం టిక్కుటిక్కుకి తగ్గట్టు నిమిషానికి 150 చొప్పున చదివాడు. గొంతు ఎక్కడా పైకి లేవకూడదు, కిందికి దిగకూడదు. ఒక వరుస తప్పు లేకుండా రెండుసార్లు అప్పజెప్పాక 15 సెకన్లు ఆగి, ఇంకో వరుస. బైరన్ 'డాన్ జువాన్' పద్యాలతోనూ ప్రయత్నించాడు. వాటికి ఇందులో పదో వంతు శ్రమే పట్టిందట. అర్థం చేసే మేలు ఎంతో అంకెలో తేలింది. నీ వ్యాసంలో ఇది లేకపోవడం నాకు బాధేసింది.

ఇంకో సంగతి. "మనిషి ఒక్క రోజులో 66 శాతం మరిచిపోతాడు" అని రాశావు. గైడ్లలో అలాగే ఉంటుంది, నాకు తెలుసు. ఆయన కొలిచింది అది కాదు. మొదటిసారి నేర్చుకోవడానికి వెయ్యి సెకన్లు పట్టిందనుకో, మర్నాడు అవే మళ్లీ నేర్చుకోవడానికి 660 దాకా పట్టాయి. అంటే ఆదా అయింది మూడో వంతు సమయం. నువ్వు చదివే 'పొదుపు పద్ధతి' అంటే ఇదే. పైగా అది ఒకే ఒక్క మనిషి, అర్థంలేని ముక్కలతో చేసిన లెక్క. ఆదా అయిన సమయం 20 నిమిషాలకి 58 శాతం, గంటకి 44, రోజుకి 34, 31 రోజులకి 21. కాలంతో పాటు మరుపు ఎలా పెరుగుతుందో చూపే ఈ ఏడు చుక్కల గీత కోసం (నేను నాలుగే చెప్పాను) 163 సార్లు నేర్చుకుని, మళ్లీ 163 సార్లు తిరగేశాడు. చాలావరకు ఒక్కోసారి 13 ముక్కల వరుసలు ఎనిమిది. ఫలితాలు 1885లో గానీ పుస్తకంగా వెయ్యలేదు. ముందు 1883-84లో మళ్లీ ప్రయోగాలు చేసి చూసుకున్నాడు. ఆ రెండేళ్ల దగ్గర నీ కలం ఆగాలి.

ఆ గీత మొదటి గంటలోనే ఎంత నిట్టనిలువుగా పడిపోతుందో చూడు. నాకది సొంత నష్టంగా కనిపిస్తుంది. ఒకసారి నాట్ల కాలంలో, గట్టు మీద కూర్చుని ఒక పెద్దావిడ పాట విన్నాను. మోకాళ్ల దాకా బురద, ఎడమ చేతిలో నారు కట్ట, ఒక్కో చరణానికి ఒక అడుగు వెనక్కి. ఇంటికెళ్లి రాత్రి రాసుకుందాం అనుకున్నాను. రాత్రికి వరస మిగిలింది, మాటలు పోయాయి. మళ్లీ వెళ్లేసరికి ఆవిడ లేదు. అప్పట్నుంచి జేబులో కాగితం లేకుండా గడప దాటను. నువ్వూ విన్నది విన్నచోటే రాసుకో.

దిద్దుకోవడం మాత్రం ఒక్క రోజులో చెయ్యకు. 12 ముక్కల వరుసని ఒకే రోజు 68 సార్లు చదివితే ఎంత ఫలితమో, మూడు రోజులకి పంచి 38 సార్లు చదివినా అంతే వచ్చిందాయనకి. చిత్తుప్రతికీ అలాంటి ఎడం ఇచ్చి చూశాను. మూడో రోజు కనబడే తప్పు మొదటి రోజు కనబడదు.

మళ్లీ రాసేముందు ఒక పని చెయ్యి. 13 అర్థంలేని ముక్కలు కాగితం మీద రాసుకుని, గొంతు ఎత్తకుండా, తప్పు లేకుండా రెండుసార్లు వచ్చేదాకా చదువు. ఎంతసేపు పట్టింది, ఎక్కడ విసుగు పుట్టింది, ఏ ముక్కకి నీ మనసు దొంగతనంగా అర్థం అంటగట్టింది, అన్నీ రాసుకో. మర్నాడు అదే వేళకి మళ్లీ కూర్చో. ఆ రెండు కాగితాలూ వ్యాసంతో పాటు నాకు పంపు.

ప్రేమతో,
మీ మాస్టారు