ఆదివారం రొయ్యల ఆమ్లెట్ గురించి అమ్మలుకి

అమ్మలూ,

అల్లుడు గారి ఆఫీసు వాళ్లు ఆరుగురు ఆదివారం పదిన్నరకి వస్తున్నారని, టిఫినూ భోజనమూ కలిపి ఒకేసారి పెట్టేద్దామనుకుంటున్నావని, రొయ్యలూ పీతలూ వేసి ఆమ్లెట్ చెయ్యాలని ఉందని రాశావు. చాలా సంతోషం. ఛత్రపురంలో కాపురం ఉంటూ, చిలికా అంత దగ్గర్లో పెట్టుకుని, వచ్చినవాళ్లకి ఆ రుచి చూపించకపోతే ఎలా? కానీ గిలక్కొట్టిన గుడ్లలో పచ్చి రొయ్యలు కలిపి ఒకేసారి పెనం మీద పోస్తానన్నావే, అది మాత్రం వద్దు.

రొయ్య వేడి తగలగానే నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు గుడ్డులో కలిశాయంటే అట్టు ముద్దముద్దగా అయిపోతుంది, తిప్పబోతే చిరిగిపోతుంది. పోనీ ఆ నీళ్లు ఇగిరేదాకా ఉంచుదామంటే గుడ్డు ఆగదు, నీళ్లు మరగడానికి 100 డిగ్రీలు కావాలి గానీ గుడ్డు 70 దగ్గరే గట్టిపడిపోతుంది. అందుకే ముందు రొయ్యలూ పీతలూ విడిగా వండేసి, తడి లేకుండా చేసుకుని, ఆఖర్న గుడ్డులో పెట్టాలి. ఈ ఒక్కటీ పాటించావంటే మిగతాది తేలిక.

మీరిద్దరూ కలిపి ఎనిమిది మంది కాబట్టి తలలతో ఉన్న రొయ్యలు కిలో తీసుకో, ఒలిస్తే సుమారు సగం వస్తుంది. తల గట్టిగా అతుక్కుని, పెంకు మెరుస్తూ ఉండాలి, ఘాటు వాసన వస్తే బేరం కూడా ఆడకు. పీతలు ఒక కిలో చాలు, ప్రాణంతో ఉన్నవే, చేత్తో పట్టుకుంటే బరువుగా తెలియాలి. కిలోకి కండ పావుకిలో రావడం కూడా కష్టమే, అయినా ఆ తీపి రొయ్యకి రాదు.

పీతల పని శనివారం సాయంత్రమే చేసేసుకో. ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే కదలకుండా ఉంటాయి, అప్పుడు మరిగే ఉప్పునీళ్లలో వేసి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉడికించి, చల్లారాక కండ తీసి ఫ్రిజ్‌లో పెట్టు. తీసిన కండని వేళ్లతో రెండుసార్లు వెతుకు, పెంకు ముక్క ఒక్కటి పంటికింద పడితే ఆ మనిషి ఇంక ధైర్యంగా తినలేడు.

ఆదివారం పొద్దున్నే రొయ్యల వీపు మీది నల్ల దారం తీసేసి, ఉప్పు, పసుపు పట్టించి పది నిమిషాలు ఉంచు. మూకుడు బాగా వేడెక్కాక చెంచాడు నూనెలో పెద్ద మంట మీద రెండు నిమిషాలు వేయించు. అర్ధచంద్రంలా వంగితే దించెయ్యి, గుండ్రంగా చుట్టుకుపోయిందంటే రబ్బరైపోయినట్టే. జల్లెడలో వేసి, దిగిన నీళ్లు పారబోయకుండా అదే మూకుట్లో చిక్కబడేదాకా మరిగించి, రొయ్యల్ని చిన్న ముక్కలు చేసి వాటికే పట్టించు. పీత కండ కూడా అందులో వేసి వేడెక్కనివ్వు, ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా గుడ్డులో వెయ్యకు.

ఒక్కొక్కరికి రెండు గుడ్లు చొప్పున విడివిడిగా వెయ్యి. పెద్ద అట్టు ఒకటి వేసి ముక్కలు కోస్తే చూడ్డానికి బాగోదు, మధ్యలో ఉడకదు కూడా. ఉల్లిపాయ సన్నగా, పచ్చిమిర్చి, కొత్తిమీర, మిరియాల పొడి, అంతే. గరం మసాలా వెయ్యకు, పీత వాసన చచ్చిపోతుంది. రొయ్యల్లో ఉప్పు ఉంది కాబట్టి గుడ్డులో చిటికెడు చాలు. సన్న మంట మీద కాస్త నూనె, కాస్త వెన్న వేసి గుడ్డు పోసి, అంచులు పట్టి పైన ఇంకా మెరుస్తున్నప్పుడు రెండు గరిటెల కూర సగం మీద పరిచి మడిచెయ్యి, మూత పెట్టి అర నిమిషం. రెండు పెనాలు పెట్టుకుంటే ఎనిమిదీ పావుగంటలో అయిపోతాయి. అందరూ కూర్చున్నాకే మొదలుపెట్టు, ఎవరిది వస్తే వాళ్లని తినెయ్యమను. పక్కన చకులి పెట్టు, ఒడియా వాళ్లకి ఇంటి తిండిలా ఉంటుంది, మనకేమో దోసెలాగే కదా.

ఇంకోటి, ఇవాళే ఫోన్ చేసి ఎవరికైనా రొయ్యలు, పీతలు పడవా అని అల్లుడు గారి చేత అడిగించు. ఓసారి మా ఇంట్లో తిన్న పది నిమిషాలకే ఒకావిడకి పెదాలు వాచిపోయి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఆస్పత్రికి పరుగెత్తాం. ఆ భయం నాకింకా పోలేదు. పడనివాళ్లుంటే వాళ్ల ఆమ్లెట్ వేరే పెనం మీద, వేరే అట్లకాడతో ముందే వేసెయ్యి. కార్తీకంలో అయితే నేనే వద్దనేదాన్ని, చివరి అయిదు రోజులూ, అదే పంచుకలో, కొంగ కూడా చేప ముట్టదంటారు ఒడియా వాళ్లు. మార్గశిర గురువారాలు కూడా దాటిపోయాయి కాబట్టి పర్వాలేదు, కానీ వారానికో రోజు మానేసేవాళ్లు ఉంటారు, అదీ అడగమను.

శనివారం పీతలు ఉడికించేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, కండ ఎలా తియ్యాలో పక్కనుండి చెప్తాను.

మీ పెద్దమ్మ,
బరంపురం