ఏమండీలు ఎన్ని, ఏమేలు ఎన్ని?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
ఈసారి: సినిమాల్లో ఆడవాళ్ళ పాత్రలను పట్టించుకుని చూడటం ఎలా?

ప్రశ్న: మా డ్వాక్రా సంఘంలో నెలకో సినిమా కలిసి చూస్తున్నాం. అయ్యాక "హీరోయిన్‌ని బాగానే చూపించాడు" అని కొందరు, "ఏటి బాగు, బొమ్మలా నిలబెట్టాడు" అని కొందరు. వాదన తెగదు. లెక్కతో తేల్చే దారి ఉందా?
– ఒక సభ్యురాలు, ఆమదాలవలస

జవాబు: ఉంది. ఎక్కువమందికి తెలిసినది బెక్‌డెల్ పరీక్ష. అమెరికా కార్టూనిస్టు ఆలిసన్ బెక్‌డెల్ 1985లో తన కామిక్‌లో పెట్టింది. ఆలోచన మాత్రం తన స్నేహితురాలు లిజ్ వాలెస్‌దని ఆవిడే చెప్పింది. సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాటలు మగవాడి గురించి కాకుండా ఉండాలి. అంతే.

ఆ ఇద్దరికీ పేర్లుండాలని తర్వాత కొందరు ఇంకో షరతు కలిపారు. దాన్ని మన సినిమాలకు పెడితే లెక్క తప్పుతుంది. అత్తనో, పిన్నినో, వదిననో మనం పేరుపెట్టి పిలవం కదా. కాబట్టి పేరు వదిలేసి, "ఈమె ఇంకో సీనులో కనిపిస్తే గుర్తుపడతామా?" అని అడగండి. పెళ్ళిచూపుల మాటలు మగవాడి గురించిన మాటల కిందే వేయాలి. కట్నం డబ్బు సర్దుబాటు గురించి మాట్లాడుకుంటే ఎందులో వేస్తారో సినిమా మొదలవకముందే అనుకోండి. మధ్యలో అనుకుంటే మళ్ళీ గొడవే.

ఈ పరీక్ష ఒక్కటే నమ్ముకోకండి. ఇద్దరు తోడికోడళ్ళు పులుసులో ఉప్పు గురించి 20 సెకన్లు మాట్లాడుకున్నా సినిమా పాసైపోతుంది. ఒంటరి ఆడమనిషి కథంతా నడిపిన సినిమా ఫెయిలవుతుంది. ఒక్కో సినిమాకు మార్కు వేయడానికి ఇది పనికిరాదు. ఒక సంక్రాంతికి వచ్చిన సినిమాలన్నిటినీ వరసగా చూస్తేనే దీని ఉపయోగం తెలుస్తుంది. వరసగా అంటే అన్నీ. చిరాకు తెప్పించినవి మాత్రమే ఏరుకుంటే ముందే తీర్పు రాసేసినట్టు.

విడి సినిమాకు ఇలా చేయండి. టీవీ ఛానెల్లో వచ్చేది వద్దు, కోతలూ ప్రకటనలూ లెక్క చెడగొడతాయి. ఓటీటీలో అయితే 10 సెకన్లు వెనక్కి వెళ్ళొచ్చు. మొదటిసారి మామూలుగా చూసేయండి. రెండోసారి నోటుపుస్తకం పట్టండి. రెండున్నర గంటలూ రాసే ఓపిక ఎవరికీ ఉండదు కనక మూడు ముక్కలు చాలు: హీరోయిన్ తొలిసారి కనిపించిన దగ్గర్నుంచి 10 నిమిషాలు, ఇంటర్వెల్ ముందు 15, ఆఖరి 20. ఇద్దరు వేర్వేరుగా రాయాలి, ఒకరి పుస్తకం ఒకరు చూడకూడదు. పేజీలో నాలుగు గడులు గీయండి.

మొదటి గడి కెమెరా. ఆమె మొహం ముందు కనిపించిందా, పాదాలూ నడుమూ అయ్యాక కనిపించిందా? ఆ చూపు ఎవరిది, కథలో ఒక మగవాడిదా, ఎవరిదీ కాని కెమెరాదా? సినిమా మనల్ని మగవాడి కళ్ళతో చూడమంటుందన్న వాదనను బ్రిటన్ సినిమా విమర్శకురాలు లారా మల్వీ 1975లో ఒక వ్యాసంలో పెట్టింది. మన పాటల చిత్రీకరణ చూస్తే ఆ వాదనకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

రెండోది పిలుపు. ఇది మన భాషలో దొరికే కొలత, నా మటుకు నాలుగింటిలో ఇదే గట్టిది. ఆమె అతన్ని ఎన్నిసార్లు "మీరు, ఏమండీ" అంది, అతను ఆమెను ఎన్నిసార్లు "నువ్వు, ఏమే, ఒసేయ్" అన్నాడు? గీతలు పెట్టండి. పెళ్ళికి ముందు ఇద్దరూ "నువ్వు" అనుకుని, తాళి పడ్డాక ఆమె ఒక్కతే "మీరు"లోకి మారితే ఆ నిమిషం రాసుకోండి. అధికారంలో ఉన్న ఆడమనిషి, కలెక్టరో విలనో, ఆమెను హీరో "మీరు" నుంచి "ఒసేయ్"లోకి దించే చోట హాల్లో ఈలలు పడతాయి. ఆ నిమిషం కూడా రాయండి. సబ్‌టైటిళ్ళు చూసి లెక్కపెట్టొద్దు. ఇంగ్లీషులో మీరూ నువ్వూ ఒకటే అయిపోతాయి.

మూడోది నిర్ణయం. ఆమె తీసుకున్న ఏ నిర్ణయంతో కథ మలుపు తిరిగింది? ఆ సీను తీసేసినా కథ నడిస్తే గడి ఖాళీగా వదిలేయండి. పరిచయ సీనులో నలుగురిని తన్ని, సెకండాఫ్‌లో కుర్చీకి కట్టేస్తే హీరో కోసం ఎదురుచూసే "పవర్‌ఫుల్" పాత్రలు ఇక్కడే దొరికిపోతాయి.

నాలుగోది పని. ఆమె డాక్టరని చెప్పారు సరే, ఒక్క రోగినైనా చూసిందా? పలాసలో జీడిపిక్కలు వలిచే ఆడవాళ్ళను రోజూ చూసే జిల్లాలో ఉండి, ఏ పనీ చేయని ఆడవాళ్ళను తెరమీద మాత్రం మామూలుగా తీసుకుంటాం.

రెండు పుస్తకాలూ పోల్చినప్పుడు తేడాలు ఎక్కువగా మొదటి గడిలో, మూడో గడిలో వస్తాయి. అప్పుడు వాదించుకోండి. ఇప్పుడైతే వాదనకు నిమిషం సంఖ్య ఉంటుంది, వెనక్కి వెళ్ళి చూడొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు. హీరో వెంటపడటం చూసి "ఆఖర్న ఒప్పుకుంటాది గదా" అంటున్నాడు. సినిమాలు మాన్పించాలా?
– ఒక తల్లి, పలాస

జవాబు: మాన్పిస్తే ఫోన్లో చూస్తాడు. సీను మధ్యలో ఆపి పాఠం చెప్పొద్దమ్మా, అలా చేస్తే రెండోసారి మీ పక్కన కూర్చోడు. సినిమా అయ్యాక ఒక్క పని అప్పజెప్పండి: ఆ పిల్ల చివరిసారి "వద్దు" అన్న సీనుకీ మొదటిసారి "సరే" అన్న సీనుకీ మధ్య ఏం జరిగిందో వెతకమనండి. సాధారణంగా ఒక ఫైటు, అందులో ఆమెను కాపాడటం, లేదా ఒక పాట ఉంటుంది. ఆమె మనసు ఎందుకు మారిందో ఆమె నోటివెంట ఒక్క మాటా ఉండదు. ఆ ఖాళీ వాడే కనిపెడితే మీరు చెప్పినదానికన్నా బాగా నిలుస్తుంది.

చట్టం సంగతీ తెలియాలి. ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే వెంటపడి మాట కలపాలని చూడటం నేరం. 2013లో ఐపీసీలో 354డి సెక్షనుగా చేర్చారు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 78వ సెక్షను. మొదటిసారికి 3 ఏళ్ళ దాకా జైలు, మళ్ళీ చేస్తే 5 ఏళ్ళ దాకా. సెన్సారు సర్టిఫికెట్లో యూ/ఏ పక్కన ఇప్పుడు 7+, 13+, 16+ అని వేస్తున్నారు. అది తల్లిదండ్రులకు సూచన మాత్రమే, 13+ అని ఉన్నంత మాత్రాన ఇలాంటి ట్రాకు ఉండదనుకోవద్దు.

ప్రశ్న: పాత సినిమాల్లో ఆడవాళ్ళకు గౌరవం ఉండేదని మా లెక్చరర్ అంటారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: సగం. మీ ఊళ్ళోనే 1892లో తొలిసారి ఆడిన గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ 1955లో సినిమా అయినప్పుడు సావిత్రి మధురవాణి వేసింది. ఆ వేశ్య పాత్ర తన చుట్టూ ఉన్న పెద్దమనుషులందరికన్నా తెలివైనది. భానుమతి 1953లోనే ‘చండీరాణి’కి దర్శకత్వం వహించింది. అదే కాలంలో భర్త చెంపదెబ్బ కొడితే భార్య దిద్దుబాటయినట్టు చూపిన సినిమాలూ తక్కువేం కాదు. నిండుగా చీర కట్టించడాన్ని గౌరవం లెక్కలో వేయకండి. పై మూడో గడి పాత సినిమాకీ గీసి చూడండి.

ప్రశ్న: మన శ్రీకాకుళం యాస మాట్లాడే ఆడమనిషి సినిమాలో ఉందంటే పనిమనిషో, నవ్వులకో. ఇదీ లెక్కలోకి వస్తుందా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: తప్పకుండా, ఐదో గడి గీయండి. ఆమె డైలాగును బడి తెలుగులో పైకి చదవండి. అప్పుడూ నవ్వొస్తే జోకు మాటలో ఉంది. రాకపోతే "ఏటి, నాను, ఎల్తన్నాను" అనడమే జోకు. ఇంకొకటి చూడండి: శ్రీకాకుళం కథలో తండ్రి, అన్న యాస మాట్లాడుతుంటారు, అదే ఇంట్లో పుట్టిన హీరోయిన్ మాత్రం న్యూస్ చదివినట్టు మాట్లాడుతుంది. చాలామంది హీరోయిన్లకు వేరొకరు డబ్బింగ్ చెబుతారు, ఆ గొంతుకు యాస నేర్పే శ్రద్ధ అరుదు. హీరోకి మాత్రం నేర్పిస్తారు. అలాంటి సినిమా దొరికితే హీరో యాస మాట్లాడిన నిమిషాలు, ఆమె మాట్లాడిన నిమిషాలు ఫోన్ స్టాప్‌వాచ్‌తో విడివిడిగా రాసి మాకు పంపండి.