కూటమి సైన్యాల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నాటో దేశాల కమాండ్ వ్యవస్థలను (కమాండర్లు ఆదేశాలిచ్చే కంప్యూటర్లను) సిమ్యులేషన్లతో, అంటే కంప్యూటర్‌లో నడిచే నకలు యుద్ధాలతో, కలపడంపై నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేజీ నిండా సంక్షిప్త నామాలే. నాకే ఊపిరాడలేదు, ఇక పాఠకుడి సంగతి చెప్పాలా?

వాటిని పక్కన పెట్టి ఒక్క ఆదేశాన్ని పట్టుకో. 'తెల్లవారేలోగా ఫలానా బెటాలియన్ వంతెన దాటాలి' అని బ్రిగేడ్ కమాండర్ తన కంప్యూటర్‌లో ఆదేశం సిద్ధం చేస్తాడు. ఈ తరహా శిక్షణలో ఆ బెటాలియన్ నేల మీద ఉండదు, సిమ్యులేషన్‌లోనే కదులుతుంది. ఈ రెండు యంత్రాల మధ్య చాలాకాలం మనుషులే కూర్చున్నారు. ఒక తెర మీద ఆదేశం చదివి ఇంకో తెర మీద మళ్లీ టైపు చేసేవారు, అక్కడ జరిగింది చూసి నివేదిక ఇటు పంపేవారు. నీ వ్యాసంలో వాళ్లు ఒక్కరూ కనిపించలేదు.

ఆ మనుషుల అవసరం లేకుండా యంత్రాలు నేరుగా మాట్లాడుకునేందుకు వచ్చిన ప్రమాణాల చరిత్ర క్లుప్తంగా చాలు. సిమ్యులేషన్ ప్రమాణాలు రూపొందించే సిసో సంస్థ 2008లో యుద్ధారంభ స్థితిని వర్ణించే ప్రమాణాన్నీ, 2014లో ఆదేశాలకూ నివేదికలకూ మరో ప్రమాణాన్నీ తెచ్చింది. ఆ రెండింటి పనీ చేసే సీటూసిమ్ అనే ప్రమాణం 2020లో వచ్చింది. అసలు చిక్కు ఆదేశంలోనే ఉంది. వంతెన దాటడమంటే మొదటి వాహనం దాటితే చాలా, చివరిది కూడా దాటాలా? అనుభవమున్న అధికారి సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. యంత్రానికి మాత్రం ఎవరో ముందే చెప్పి ఉంచాలి, అదీ అన్ని దేశాలూ ఒప్పుకున్న తీరులో.

గోప్యతను నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు. నాకైతే వ్యాసమంతా దాని మీదే రాయవచ్చనిపిస్తుంది. అఫ్గానిస్థాన్‌లో యుద్ధం 2001లో మొదలైతే, కూటమి దేశాలు సమాచారం పంచుకునే ఉమ్మడి మిషన్ నెట్‌వర్క్ 2010లో గానీ పనిలోకి రాలేదు. సిమ్యులేషన్‌లో ఈ ఇబ్బంది ఇంకా ముదురుతుంది. ఒక దేశం తన క్షిపణి అసలు పరిధిని ఉన్నదున్నట్టు పెడితే మిత్రదేశానికి రహస్యం తెలిసిపోతుంది. తగ్గించి పెడితే శిక్షణే అబద్ధమవుతుంది. ఇది ఏ ప్రమాణంతోనూ తీరేది కాదు.

పోలండ్‌లోని బిద్గోష్చ్‌లో నాటో ఏటా జరిపే పరీక్షలను 'విజయవంతం' అన్నావు. వ్యవస్థలను అక్కడికి తెచ్చేదే ఎక్కడ పొసగడం లేదో పట్టుకోవడానికి కదా! ఆ మాట కొట్టేయి. ఏ సందేశం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కనుక్కుని రెండో ప్రతి పంపు.

మీ అన్నయ్య