ఇరుసు నట్టు ఎవరు బిగించాలి?

ప్రశ్న: ఇటీవల నా మోటార్‌సైకిల్ వెనుక చక్రానికి పంక్చర్ వేయించాను. ఆ తరువాత మలుపుల్లో బండి వెనుక భాగం ఊగుతున్నట్లు అనిపించింది. ఆపి చూస్తే ఇరుసు నట్టు చేతితోనే తిరిగేంత వదులుగా ఉంది. ఇకపై చక్రాల పనులన్నీ నేనే చేసుకోవాలని అనుకుంటున్నాను. ఇది సరైన నిర్ణయమేనా? — ఒక పాఠకుడు

జవాబు: మీ ఆందోళన పూర్తిగా న్యాయమైనది. ఇంజన్ మొరాయిస్తే బండి ఆగిపోతుంది, అంతే. చక్రం వదులైతే మాత్రం బండిని ఆపడం కూడా మన చేతుల్లో ఉండదు. అయితే మీ విషయంలో లోపం మెకానిక్‌కు పని రాకపోవడం కాదని నా అభిప్రాయం. బిగించిన తరువాత ఇంకొకసారి ఎవరూ చూడకపోవడమే అసలు లోపం. పని మధ్యలో ఎవరైనా పిలిస్తే ఇంట్లో మీ చేతుల మీదుగానూ అదే జరగవచ్చు. కాబట్టి మరమ్మతు ఎవరు చేసినా, చివరి తనిఖీ మాత్రం ప్రతిసారీ మీరే చేయండి.

మరమ్మతు కూడా మీరే చేయదలిస్తే ముందుగా కొనవలసింది టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో (టార్క్‌తో) బిగిస్తున్నామో కొలిచి చెప్పే స్పానర్. ఇరుసు నట్టును ఎంత బలంతో బిగించాలో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఇస్తారు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ ఆ అంకె వేరుగా ఉండవచ్చు. ఉదాహరణకు 100 న్యూటన్ మీటర్లు అంటే 25 సెంటీమీటర్ల స్పానర్ చివర సుమారు 40 కిలోల బరువు వేలాడదీసినంత బలం. దీన్ని చేతి అంచనాతో పట్టుకోవడం కష్టం, పైగా అతిగా బిగిస్తే మరలు దెబ్బతింటాయి. నట్టుకు స్ప్లిట్ పిన్ను (నట్టు తిరిగిపోకుండా అడ్డంగా దూర్చి చివరలు వంచే పిన్ను) ఉంటే ప్రతిసారీ కొత్తది వేయండి. ఒకసారి వంచిన పిన్నును మళ్లీ వంచితే విరిగే అవకాశం ఉంది. లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు ఆ వలయం దగ్గర కూడా చేతితో సులువుగా తిరుగుతుంటే దాని పట్టు పోయినట్లే, మార్చేయండి.

వెనుక డ్రమ్ బ్రేక్ ఉన్న బండి అయితే చాలామంది పట్టించుకోని భాగం ఒకటుంది. బ్రేక్ ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు, అంటే వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చట్రానికి, కలిపే కడ్డీ అది. చక్రం విప్పేటప్పుడు దాన్ని కూడా విప్పుతారు. తిరిగి బిగించడం మరచిపోతే బ్రేక్ వేసిన క్షణంలో ప్లేటు కూడా చక్రంతో పాటు తిరగబోతుంది, చక్రం ఉన్నట్టుండి పట్టేయవచ్చు. నన్నడిగితే ఇరుసు నట్టు తరువాత మీ కళ్లు వెతకవలసింది ఈ కడ్డీ బోల్టునే. డిస్క్ బ్రేక్‌కు మరొక ప్రమాదం ఉంది. చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు ప్యాడ్లు వెనక్కి జరగడం వల్ల మొదటిసారి నొక్కినప్పుడు బ్రేక్ ఖాళీగా పోవచ్చు. అందుకే బండి కదలకముందే అది గట్టిపడేవరకు నొక్కి వదులుతూ ఉండాలి.

చైన్ బిగువు సరిచూడడం, ఇరుసుకు రెండు వైపులా ఉండే చైన్ సర్దుబాటు గుర్తులు సమంగా ఉన్నాయో లేదో చూడడం, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవడం మీరు నిశ్చింతగా చేసుకోవచ్చు. నట్టు బిగించాక చైన్ బిగువు కొద్దిగా మారుతుంది కాబట్టి మళ్లీ చూడండి. చక్రాన్ని నేల నుంచి లేపి, పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ కదిపినప్పుడు వదులుగా ఊగినట్లు తెలిస్తే బేరింగ్ అరిగి ఉండవచ్చు. దాన్ని గుర్తించడం మీ పని, మార్చడం మాత్రం తగిన పనిముట్లున్న మెకానిక్ పని. స్పోకులు సరిచేసి రిమ్ము వంకర తీయడం కూడా అంతే, అనుభవం లేకుండా చేతులు పెట్టకండి.

మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు పక్కనే నిలబడి, టార్క్ రెంచ్‌తో బిగించమని మర్యాదగా అడగండి. పనిమీద శ్రద్ధ ఉన్నవారు దీన్ని తప్పుగా తీసుకోరు. అడిగినందుకు విసుక్కునేవారి దగ్గర చక్రం విప్పించకపోవడమే మంచిది. కొత్త టైరు వేయిస్తే దాని పక్కనున్న బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే దిశనే చూపిస్తోందో లేదో అక్కడే సరిచూడండి.

ఇంటికి వచ్చాక నట్టు మీదుగా ఇరుసు చివర వరకు రంగుతో ఒక సన్నని గీత గీయండి. బండి తీసే ముందు దాన్ని చూడడం అలవాటు చేసుకోండి. గీత రెండు భాగాలుగా విడిపోయి కనిపిస్తే నట్టు కదిలిందని అర్థం, మళ్లీ సరైన టార్క్‌కు బిగించేవరకు ఆ బండిని రోడ్డెక్కించకండి.