టెస్టోస్టెరాన్ వాడే ట్రాన్స్ మగవాళ్లకి గైనిక్ డాక్టర్‌తో పనేంటి?

టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ వాడి గడ్డం మీసం వచ్చేశాక ట్రాన్స్ మగవాళ్లు, అంటే ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవాళ్లు, లేడీ డాక్టర్ దగ్గరికి ఎందుకెళ్తారని కదా మీ ప్రశ్న. గడ్డం వచ్చినంత మాత్రాన గర్భసంచి ఎక్కడికీ పోదండీ. ఆపరేషన్ చేసి తీసేదాకా కడుపులోనే ఉంటుంది, ఉన్నన్నాళ్లూ దాని జబ్బులు దానికుంటాయి. మాది విజయనగరం, నేను ట్రాన్స్ మగవాణ్ణి. విన్నది కాదు, పడ్డది చెప్తున్నాను.

టెస్టోస్టెరాన్ సూదులు మొదలుపెట్టాక నెలసరి ఆగిపోయింది, పీడా పోయిందనుకున్నాను. చాన్నాళ్లకి ఒకరోజు పొత్తికడుపులో ఒకటే నొప్పి, మళ్లీ రక్తం. మా పిన్ని ఊరుకోకుండా ఒక ప్రైవేటు ఆసుపత్రికి లాక్కెళ్లింది. స్కానింగ్ అంటే తెలుసుగా, లీటరు నీళ్లు తాగి ఆపుకుని కూర్చోవాలి. చుట్టూ నెలలు నిండిన ఆడవాళ్లు, వాళ్ల అత్తలు. వాచ్‌మన్ వచ్చి "ఏటి బాబూ, ఇది ఆడోళ్ల వరస, బయటికెళ్లు" అన్నాడు. "పేషెంటు నేను కాదు, ఈడే" అంది పిన్ని. అతను నా గడ్డం కేసి చూసి, ఏమనాలో తెలీక కౌంటర్ దగ్గరమ్మాయిని పిలుచుకొచ్చాడు. ఆ పిల్ల అందరి ముందూ గట్టిగా "ఆడా, మగా? ఏదో ఒకటి చెప్పండి, కంప్యూటర్ తీసుకోదు" అంటోంది, సరిగ్గా ఆ పిల్ల తల వెనక గోడ మీద 'ఇచ్చట లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అని బోర్డు! నవ్వొచ్చింది గానీ నవ్వితే కడుపులో నీళ్లు ఆగేలా లేవు.

ఆధార్‌లో మగ అని ఉంది కాబట్టి అదే కొట్టింది. లోపల స్కానింగ్ డాక్టర్ అండాశయం మీద నీటిబుడగ ఉందని చూపించి మరీ చెప్పాడు. తీరా చేతికొచ్చిన రిపోర్టులో 'ప్రోస్టేట్ సైజు నార్మల్'! మగ అని కొడితే మగవాళ్ల ఫారమే వస్తుందట. లేని ప్రోస్టేట్ భేషుగ్గా ఉందని డబ్బులు కట్టి మరీ తెలుసుకున్నాను. మళ్లీ టైపు చేయించుకునేసరికి సాయంత్రమైంది. బుడగ తర్వాత దానంతటదే తగ్గింది, అది వేరే సంగతి.

నన్నడిగితే మా గొడవ సగం డాక్టర్లతో కాదు, కౌంటర్‌తో. ఆరోజు లేడీ డాక్టర్ కావల్సిన నాలుగు ముక్కలే అడిగింది, వెకిలి ప్రశ్న ఒక్కటీ లేదు. ట్రాన్స్‌జెండర్ల కోసం 2019లో వచ్చిన చట్టంలో డాక్టర్ల సిలబస్ సమీక్షించాలని రాశారు, మంచిదే, ఆ ఓపీ చీటీ రాసేవాళ్లకి ఎవరు నేర్పుతారు? ఇంట్లో పురుడైతే హిజ్రాలు వచ్చి దీవించాలి, చేతిలో డబ్బులు పెట్టి దండం పెడతారు. అదే మనిషి ఓపీ లైన్లో నిలబడితే మాత్రం పక్కకి జరుగుతారు.

ఇంకోటి, సూదులు వాడుతుంటే కడుపు రాదని మా కుర్రాళ్లు చాలామంది ధీమాగా ఉంటారు. తప్పు. టెస్టోస్టెరాన్ గర్భనిరోధకం కాదు, నెలసరి ఆగినా కడుపు రావచ్చు. గర్భాశయ ముఖద్వారం ఉన్నవాళ్లు క్యాన్సర్ పరీక్ష కూడా చేయించుకోవాల్సిందే. సూదుల వల్ల లోపల పొడిబారి ఆ పరీక్ష కాస్త నొప్పెడుతుంది, ముందే చెప్తే చిన్న పరికరం వాడతారు.

పిల్లల మాటంటారా, కేరళలో జహాద్ అనే ట్రాన్స్ మగవాడు హార్మోన్లు ఆపి, 2023 ఫిబ్రవరిలో కోళికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో బిడ్డను కన్నాడు. బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ, నాన్న అని కాకుండా తననీ తన భాగస్వామినీ ఉత్తినే 'పేరెంట్స్' అని రాయమన్నందుకు హైకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది, 2025లో గెలిచారు. మా అమ్మ ఆ వార్త చూసినప్పట్నుంచీ "మరి నీ సంగతేటి" అని నస. అండాలు దాచుకుందామంటే 2021 ఏఆర్‌టీ చట్టం, అంటే ఐవీఎఫ్ లాంటి పద్ధతుల్లో పిల్లల్ని కనే వైద్యం మీద వచ్చిన చట్టం, పిల్లల్లేని భార్యాభర్తల గురించి చెప్పింది, ఒంటరి స్త్రీ గురించి చెప్పింది, మా ఊసే లేదు. నాకు పెళ్లి కాలేదు, ఆధార్‌లో మగ, అండాలు నావే. ఏ గడిలో టిక్కు పెట్టాలో ఇక్కడ లాయర్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.