మోకాలు పూర్తిగా వంగకపోతే రోడ్ బైక్ అమ్మేయాల్సిందేనా?

అమ్మకండి అన్నా. దెబ్బ తగిలిన మోకాలు పూర్తిగా మడవట్లేదు, వరంగల్ దగ్గరి ధర్మసాగర్ దాకా పోయొచ్చేసరికి చిటికెన వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది అన్నారు. అందరూ ముందు హ్యాండిల్ మార్చమంటారు. నేనైతే సీటు, క్రాంక్ (పెడల్ బిగించి ఉండే, దాంతో తిరిగే కడ్డీ) చూడమంటా.

నాకు బండి మీంచి పడ్డప్పటి నుంచి ఎడమ మోకాలు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మామూలుగా పెడల్ తొక్కాలంటే 110 దాకా వంగాలి. మోకాలు ఎక్కువగా మడిచేది పెడల్ పైకొచ్చినప్పుడే కాబట్టి 170 మి.మీ. పొడవు క్రాంక్ తీసేసి 160 వేయించా. లెక్క చూడండి: పెడల్ కింద 10 మి.మీ. తక్కువ దిగుతుంది, సీటు అంత లేపుకోవచ్చు. పైన మళ్లీ 10 తక్కువ లేస్తుంది. మోకాలికి మొత్తం 20 మి.మీ. చోటు దొరికినట్టు. షాపులో అడిగితే "పిల్లల సైకిల్‌దా సార్?" అన్నారు, తెప్పించుకోవాల్సొచ్చింది. ఇప్పుడు ములుగు మీదుగా రామప్ప దాకా, అంటే 70 కి.మీ.కు అటూ ఇటూ, పోగలుగుతున్నా.

క్రాంక్‌కి డబ్బులు పెట్టేముందు సీటు సరిచూసుకోండి, దానికి అలెన్ కీ చాలు. గోడ పట్టుకుని ఎక్కి, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పితే కాలు నిటారుగా రావాలి. రెండు కాళ్లతోనూ చూడండి. మోకాలి చిప్ప ముందు నొప్పి ఉంటే సాధారణంగా సీటు తక్కువైనట్టు, వెనక నరం లాగుతుంటే ఎక్కువైనట్టు. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో కూడా చూడండి. వాలితే ఒళ్లు ముందుకు జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది, చిటికెన వేలి వైపు పోయే నరం నొక్కుకుపోతుంది. మీ తిమ్మిరికి నాకు ముందు అనుమానం దీని మీదే.

సీటు లేపితే హ్యాండిల్ అంత కిందికి పోయినట్టే, మెడ ఊరుకోదు. హ్యాండిల్ పైకి రావాలంటే స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టుకునే ముక్క) పైనున్న స్పేసర్లు, అంటే రింగులు, దాని కిందికి మార్చండి, లేదా స్టెమ్‌నే తిరగేసి బిగించండి. అప్పటికీ చేతులు చాపాల్సి వస్తే 100 మి.మీ. పొడవు స్టెమ్ బదులు 80ది వేయండి. బిగించేటప్పుడు ముందు స్టెమ్ పై క్యాప్ మెల్లగా, ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు. కార్బన్ ఫైబర్ భాగాలైతే బోల్టు దగ్గర రాసిన టార్క్ (ఎంత గట్టిగా బిగించాలో చెప్పే అంకె) దాటొద్దు.

ఫ్రేమ్‌లో పడితే 28 మి.మీ. వెడల్పు టైర్లు వేసి గాలి కొంచెం తగ్గించండి, మన స్పీడ్ బ్రేకర్లకు అదే మందు. ఒకేసారి అన్నీ మార్చకండి, ఏది పనిచేసిందో తెలీదు. దిగాక కూడా తిమ్మిరి పోకపోతే డాక్టర్‌కి చూపించండి.

క్రాంక్ సైజు లోపలి వైపు, పెడల్ దగ్గర చెక్కి ఉంటుంది. అదెంతో, మీ మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందని ఫిజియో చెప్పారో రాయండి, ఏ సైజు తీసుకోవాలో చూద్దాం.