"ఇష్టం లేనప్పుడు రద్దు" అని రాయిస్తే దానపత్రం నిలవదు

ప్రశ్న: నా వయసు 71. తెనాలిలో నా స్వార్జితమైన ఇల్లు పెద్దబ్బాయి పేర దానసెటిల్‌మెంటు రాద్దామనుకుంటున్నాను. వాడు మంచివాడే. కానీ రేపటి సంగతి ఎవరికి తెలుసు? "నాకు ఇష్టం లేనప్పుడు రద్దు చేసుకొను హక్కు నాకు కలదు అని ఒక ముక్క రాస్తాను, చాలు" అంటున్నాడు దస్తావేజు లేఖరి. చాలుతుందా? ఖర్మ కాలి అబ్బాయి నాకంటే ముందే పోతే ఇల్లు ఎవరికి చెందుతుంది?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఆ ఒక్క ముక్క మాత్రం రాయించకండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం, ఇచ్చినవారి ఇష్టం మీద మాత్రమే రద్దయ్యే దానం చెల్లదు. మీకు రక్షణ అని లేఖరి రాసే ఆ వాక్యమే దస్తావేజు కొంప ముంచుతుంది. ఎప్పుడంటే అప్పుడు మనసు మార్చుకునే వీలు కావాలంటే వీలునామా రాసుకోండి. ప్రాణం ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

దానమే చేయదలిస్తే అదే సెక్షన్ ఇంకో దారి చూపిస్తుంది. మీ చేతిలో లేని ఫలానా సంఘటన జరిగితే దానం రద్దవుతుందని మీరూ అబ్బాయీ ముందే ఒప్పుకోవచ్చు. ఒప్పుకోవాల్సింది ఇద్దరూ కాబట్టి దస్తావేజులో అబ్బాయి సంతకం కూడా ఉండాలి. మీ రెండో సందేహానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. పొలం దానం ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడూ వాడి సంతానమూ తనకంటే ముందు పోతే పొలం తిరిగి తీసుకునే హక్కు ఉంచుకోవచ్చని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. ఆ మాట లేకపోతే హిందూ వారసత్వ చట్టం కింద మీ అబ్బాయి ఆస్తి అతని భార్యాబిడ్డలకూ తల్లికీ వెళ్తుంది. తండ్రికి ఆ మొదటి వరసలో చోటు లేదు. ఇది విన్న తండ్రులందరూ ఒకసారి నా మొహంలోకి అనుమానంగా చూస్తారు!

ఇక "నన్ను సరిగా చూసుకోకపోతే రద్దు" అన్న షరతు. దీన్ని తల్లిదండ్రులు, వయోవృద్ధుల 2007 చట్టం 23వ సెక్షన్ కాపాడుతుంది. అరవై దాటినవారు కనీస సౌకర్యాలు, శారీరక అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి ఇస్తే, పుచ్చుకున్నవారు అది తప్పితే, ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. అయితే షరతు ఉందని రుజువు కావాలి. కూతుళ్లకు ఆస్తి వదిలేసిన ఒక తల్లి విషయంలో పత్రంలో అలాంటి షరతే లేదంటూ 2022లో సుప్రీంకోర్టు ఆమెకు ఊరట ఇవ్వలేదు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకామె గెలిచారు, ఇల్లు కూడా తిరిగి అప్పగించమన్నారు. ఆమె దగ్గర దానపత్రంతో పాటు కొడుకు రాసిచ్చిన హామీపత్రం ఉంది. మీరు మాత్రం వేరే కాగితాల జోలికి పోకుండా అన్నీ ఒకే దస్తావేజులో రాయించండి.

"సరిగా" అనే మాట వద్దు. మూడు పూటలా పెడుతున్నానంటాడు కొడుకు, పలకరించే దిక్కు లేదంటాడు తండ్రి, ఎవరిది నిజమో అధికారి ఎలా తేలుస్తాడు? చట్టంలోని మాటలే వాడి, వాటి కింద చూడగానే తేలిపోయే లెక్క పెట్టండి: ప్రతి నెలా పదో తేదీలోపు నా బ్యాంకు ఖాతాలో ఇంత జమ చేయాలి, వరసగా మూడు నెలలు తప్పితే షరతు తప్పినట్టే. పాస్‌బుక్కే సాక్ష్యం. కింది వాటా గదుల్లో జీవితాంతం ఉండే హక్కు మీకే ఉంచుకోండి.

సంతకానికి ముందు ఆఖరి పేజీ చదవండి. "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించగలవాడవు", "దీనిని రద్దు పరచుటకు నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు" అన్న వాక్యాలు పాత నమూనాలోంచి అలవాటుగా దిగిపోతాయి. మూడో పేజీలో షరతు, ఐదో పేజీలో ఇది ఉంటే ఎదుటి వకీలుకు పండగే. రెండూ కొట్టించి, షరతుకు లోబడి అని రాయించండి.

ప్రశ్న: నా మందుల షాపు లీజు తొమ్మిదేళ్లు, రిజిస్టరయింది. "రోడ్డు విస్తరణలో షాపు ముందు భాగం పోయిన యెడల లీజు రద్దగును" అని ఉంది. మునిసిపాలిటీవాళ్లు గోడ మీద ఎర్రగీత గీసి వెళ్లారు. లీజు అయిపోయింది, ఖాళీ చెయ్యమంటున్నాడు ఓనరు. నిజమేనా?
- ఒక వ్యాపారి, ఖమ్మం

జవాబు: ఫలానా సంఘటనతో ముగుస్తుందని రాసుకున్న లీజు అది జరగ్గానే ముగుస్తుంది (ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్, బి క్లాజు). కానీ మీ పత్రంలో ఉన్నది "పోయిన యెడల". గీత గీసినంత మాత్రాన గోడ పోలేదు కదా! కూల్చివేత జరిగేవరకూ లీజు ఉన్నట్టే నా లెక్క. అద్దె ఒక్క నెల కూడా ఆపకండి. ఆపితే ఓనరుకు రెండో కారణం దొరుకుతుంది, అప్పుడు మాట్లాడేది ఎర్రగీత గురించి కాదు. ముందు భాగం పోయాక అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో పత్రంలో లేకపోతే, ఇప్పుడే ఓనరుతో ఒక సవరణ పత్రం రాయించుకోండి.